వెన్నగదిలో సర్టిఫికెట్

ఫిబ్రవరి 3, సోమవారం

కొత్తాయన వచ్చాడు. ముప్పై దాటి ఉండవు. ఎనిమిదిన్నర బస్సు దిగి డెయిరీ గేటు దగ్గర వాచ్‌మన్‌ని దారి అడుగుతున్నాడు. భుజాన సంచి, చంకలో న్యూస్‌పేపర్ చుట్టిన పలక లాంటిది. నేను స్కూటీకి స్టాండ్ వేస్తూ చూశాను.

మా సర్వర్, స్విచ్‌లు ఉండే గదిని అందరూ వెన్నగది అంటారు. పూర్వం వెన్న నిలవ చేసేవారు. ఎండాకాలంలో కూడా చల్లగా ఉంటుందని నెట్‌వర్క్‌కి ఇచ్చారు. పదమూడేళ్ళుగా అది నా గది. ఇవాళ్టి నుంచి ఇద్దరి గది.

కుర్చీలో కూర్చోకముందే మేకు కావాలన్నాడు. నేనే వెతికి ఇచ్చాను. పేపర్ విప్పితే సర్టిఫికెట్. నెట్‌వర్కింగ్‌లో అన్నిటికన్నా పై మెట్టుది. లామినేషన్ చేయించాడు. తన కుర్చీ వెనక గోడకి మేకు కొట్టి తగిలించాడు. మధ్యాహ్నానికల్లా డెయిరీ మొత్తం అతనికి లామినేషన్ అని పేరు పెట్టేసింది.

జీతాల గుమాస్తా టీ గ్లాసుతో వచ్చి చెవి దగ్గర వంగాడు. నీ జీతానికి రెండున్నర రెట్లమ్మా, నేను చెప్పానని ఎక్కడా అనకు అన్నాడు. నాలుగడుగులు వేసి వెనక్కొచ్చి, నేనేం చెప్పలేదు సుమా అన్నాడు.

రెండున్నర రెట్లు తీసుకునేవాడు బస్సులో ఎందుకొచ్చాడు?

ఫిబ్రవరి 4

మేనేజర్ పిలిచాడు. మన పాలపొడి కొనే కంపెనీ కొత్త అగ్రిమెంట్‌లో ఒక షరతు పెట్టిందట. అడ్వాన్స్‌డ్ సర్టిఫికెట్ ఉన్న మనిషి చేతిలోనే నెట్‌వర్క్ ఉండాలట. నీ పనికి వంక పెట్టట్లేదమ్మా, వాళ్ళ కాగితంలో ఆ ముక్క ఉంది, నన్నేం చెయ్యమంటావు అన్నాడు.

పాత హెడ్ రిటైరై మూడేళ్ళయింది. అప్పటి నుంచి హెడ్ పని నాది, జీతం మాత్రం టెక్నీషియన్‌ది. ఇప్పుడు ఆరు నెలలు చూసి ఆ పోస్టు కొత్తాయనకే ఇస్తారట. మరి నేనూ పరీక్ష రాస్తే అన్నాను. రాయమ్మా, ఎవరు కాదన్నారు అన్నాడు. ఫీజు డెయిరీ కడుతుందా అన్నాను. మోగని ఫోన్ ఎత్తి హలో అన్నాడు.

ఫిబ్రవరి 6

లామినేషన్ ఇవాళ నన్ను, కేబుల్ కొసకి కనెక్టర్ ఎలా బిగించాలి అని అడిగాడు.

ఫిబ్రవరి 7

నిన్నటిది వదలడం లేదు. కనెక్టర్ బిగించడం నేను చేరిన మొదటి రోజు నేర్చుకున్నాను. ఎనిమిది తీగలు, వాటి వరస, నొక్కితే టక్కుమనే చప్పుడు. మా కింద నలభై రెండు పాల సెంటర్లు. రోజుకి రెండు పూటలా రైతులు క్యాన్లు తెస్తారు, మిషన్ తూకం వేసి వెన్నశాతం చూస్తుంది, ఆ లెక్క నెట్‌వర్క్ మీద మాకు చేరితేనే రైతుకి స్లిప్పు వస్తుంది. ఆ నలభై రెండింటిలో నేను నిచ్చెన ఎక్కని సెంటరు లేదు. గోడకి అంత పెద్దది తగిలించుకున్నవాడికి ఎనిమిది తీగల వరస తెలియకపోవడం ఏమిటి?

ఇంట్లో చెప్పాను. మా ఆయనది మోటారు పంపుల రిపేరు షాపు. డిజైన్ చేసేవాళ్ళకి స్పానర్ పట్టడం రాదు, అంతమాత్రాన దొంగలైపోతారా అన్నాడు. అత్తగారు చిక్కుళ్ళు ఒలుస్తూ, అంత జీతం పనికి కాదేమోలే, గోడకి తగిలించినందుకేమో అంది.

ఆవిడ అన్నదే సరిగ్గా ఉంది.

ఫిబ్రవరి 9, ఆదివారం

మరిది వచ్చాడు. సిటీలో కంప్యూటర్ కోర్సుల ఇన్‌స్టిట్యూట్‌లో అడ్మిషన్లు చూస్తాడు. జేబులోంచి కరపత్రం తీసి పరిచాడు. మెట్ల బొమ్మ. మొదటి మెట్టు సర్టిఫికెట్‌కి ఇంత జీతం, రెండో దానికి ఇంత, పై మెట్టు మీద టై కట్టుకున్న మనిషి చేతులు చాపి నిలబడ్డాడు. ఈ అంకెలు నిజమేనా అన్నాను. వదినా, పరీక్ష పెట్టే కంపెనీ నిజమైన అంకెలే వేస్తుంది, మేము వాటి ముందు ఒక ఒకటి చేరుస్తాం అని నవ్వాడు.

అప్పుడు లామినేషన్ సంగతి చెప్పాను. తీగల వరస కూడా తెలీదంటే, ఆ పరీక్ష అతను రాయలేదు వదినా అన్నాడు. డబ్బు తీసుకుని వేరేవాడి పేరుతో కూర్చునేవాళ్ళున్నారట. ఫొటోలో మొహం కలిసేవాణ్ని కూడా వెతికి పెడతారట. నువ్వు ఊ అంటే నీకూ చూస్తా, నీలాంటి ముక్కున్నావిడ దొరకడం కష్టం గానీ అన్నాడు. మా ఆయన కరపత్రాన్ని మడిచి కుంటి టేబుల్ కాలి కింద పెట్టాడు. టేబుల్ కుదురుకుంది.

ఫిబ్రవరి 12

సర్టిఫికెట్ కింద నంబరు ఉంది. దాన్ని సరిచూసే వెబ్‌సైట్ ఉంది. అయితే నంబరొక్కటే చాలదు, ఆ మనిషి తన కోడ్ కూడా ఇవ్వాలి.

కోడ్ ఇస్తావా, ఊరికే, చూద్దామని, అని అడిగాను. ఆ వెబ్‌సైట్ పాస్‌వర్డ్ మర్చిపోయానక్కా, రీసెట్ చేసి ఇస్తా అన్నాడు. చేరిన వారానికే మేడమ్ పోయి అక్క వచ్చింది.

పాస్‌వర్డ్ మర్చిపోయాడట. పై మెట్టు మనిషి.

ఫిబ్రవరి 18

రోజూ ఒంటిగంటకి నోట్‌బుక్ పట్టుకుని కోల్డ్ రూమ్ వెనక్కి వెళ్తాడు. ఇవాళ నేను ఖాళీ క్యాన్ల పక్కనుంచి వెళ్ళాను, పని ఉన్నట్టు. ఫోన్‌లో ఎవరినో, మళ్ళీ చెప్పు, మెల్లగా చెప్పు, రాసుకుంటున్నా అంటున్నాడు. నన్ను చూసి నోట్‌బుక్ మూశాడు.

ఎవరు చెప్తున్నారు? పరీక్ష రాసిపెట్టినవాడే అయ్యుంటాడు. అక్కణ్నుంచి వాడు చెప్తే ఇక్కడ ఇతను పని చేస్తున్నాడన్నమాట. జీతం ఇద్దరూ పంచుకుంటున్నారేమో. అందుకే బస్సు.

ఫిబ్రవరి 21

దూరంగా ఉన్న రౌటర్‌లో ఇక్కడి నుంచే మార్పులు చేస్తారా అక్కా అని అడిగాడు. చేస్తాం అన్నాను. జాగ్రత్త ఏం తీసుకుంటారు అన్నాడు. నాకు పరీక్ష పెడుతున్నాడా, తెలియక అడుగుతున్నాడా?

ముందు రీలోడ్ టైమర్ పెట్టుకుంటాం అన్నాను. పాత హెడ్ నేర్పిన పని అది. దూరం నుంచి మార్చేటప్పుడు ఒక్క లైను తప్పు పడితే చాలు, మన దారి మనమే మూసేసుకుంటాం, ఇక లోపలికి పోలేం. అందుకని పని మొదలెట్టే ముందే గంట తర్వాత రీలోడ్ అవమని రౌటర్‌కి చెప్పి పెడతాం. అంతా బాగుంటే మనమే టైమర్ తీసేస్తాం. దారి మూసుకుపోతే, గడువు కాగానే అది తనంతట తానే ఆగి పాత సెట్టింగులతో లేస్తుంది. బావిలో దిగేవాడు నడుముకి తాడు కట్టుకుని దిగుతాడు చూడు, అదే ఇది అనేవాడు హెడ్.

పాల వేళలు కూడా చెప్పాను. పొద్దున అయిదున్నర నుంచి తొమ్మిది, సాయంత్రం నాలుగున్నర నుంచి ఏడున్నర. ఆ వేళల్లో దేన్నీ ముట్టుకోకూడదు.

ఒకటి చెప్పలేదు. చేరిన రెండో ఏడు నేను పని ముగించి తాడు విప్పడం మర్చిపోయాను. పొద్దుటి పాల నడుమ రౌటర్ దానంతట అది పడిపోయింది. నలభై రెండు సెంటర్లలో స్లిప్పులు ఆగాయి. హెడ్ నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే ఈపాటికి మర్చిపోయేదాన్ని.

ఫిబ్రవరి 26

లామినేషన్ ఏటి అవతల పాలు చల్లబరిచే చిల్లింగ్ సెంటర్ రౌటర్‌లో ఆదివారం మార్పు చేస్తానన్నాడు. ఇక్కడికి అరవై కిలోమీటర్లు. దాని మీద పదకొండు పాల సెంటర్లు. నేనూ వస్తాను, ఇద్దరం చూద్దాం అన్నాను. వద్దక్కా, ఆదివారం హాయిగా ఇంట్లో ఉండు అన్నాడు.

నేనుంటే ఏం నష్టం? నా ముందు ఫోన్‌లో అడగలేడు. అంతే.

మార్చి 2, ఆదివారం, మధ్యాహ్నం 3:50

ఇంట్లోనే ఉన్నాను, కానీ లాప్‌టాప్ తెరిచే ఉంది. ఆ రౌటర్ పాస్‌వర్డ్ మా ఇద్దరికే ఉంది.

మూడున్నర దాటాక లోపలికి వెళ్ళి చూశాను. ఎవరూ లేరు. 3:20కి గంట టైమర్ పెట్టాడు. ఇప్పుడు మనిషి లేడు, టైమర్ మాత్రం నడుస్తోంది. పని ముగించుకుని వెళ్ళిపోయాడు, తాడు విప్పలేదు! 4:20కి రౌటర్ పడిపోతుంది. లేవడానికి పది నిమిషాలు, మిషన్లన్నీ మళ్ళీ కలవడానికి ఇంకో పది. నాలుగున్నరకి పాలు మొదలు.

ఫోన్ చేద్దామనుకున్నాను. నంబరు దాకా వెళ్ళి ఆగాను. చేస్తే, అయ్యో మర్చిపోయానక్కా అని విప్పేసుకుంటాడు, ఎవరికీ తెలియదు. రేపు మేనేజర్ ముందు చెప్తాను. మీ పై మెట్టు మనిషి మర్చిపోయాడు, నేను ఇంట్లో కూర్చుని కాపాడాను అని.

3:41కి టైమర్ రద్దు చేశాను.

మార్చి 3, ఉదయం 5:00

అతను పని ముగించలేదు. మొదలుపెట్టనే లేదు.

టైమర్ పెట్టాక ఆఫీసులో కరెంటు పోయిందట. అతని కంప్యూటర్ ఆగిపోయింది. నేను చూసినప్పుడు మనిషి లేకపోవడం అందుకే. జనరేటర్ వేయించి 3:50కి మళ్ళీ లోపలికి వెళ్ళాడు. ఇంకా అరగంట టైమర్ ఉంది కదా అని మార్పు చేశాడు. ఒక లైనులో తప్పు పడింది, దారి మూసుకుపోయింది. అతనికి కంగారు లేదు. నాలుగింబావు దాటితే అదే లేస్తుందని టీ తెప్పించుకున్నాడు.

4:20 అయింది. 4:30 అయింది. పాలు వచ్చాయి. 4:40కి నాకు ఫోన్ చేశాడు. అక్కా, రౌటర్ లేవలేదు, టైమర్ పెట్టాను, అయినా లేవలేదు అన్నాడు.

ఆ క్షణంలోనే నాకు అంతా తెలిసిపోయింది. చెప్పడానికి నోరు తెరిచాను కూడా. పెట్టడం మర్చిపోయావేమో అన్నాను.

చిల్లింగ్ సెంటర్‌లో రౌటర్ ఆపి మళ్ళీ వేస్తే చాలు, పాత సెట్టింగులు వచ్చేస్తాయి. కానీ అది ఉన్న ఇనప పెట్టెకి తాళం, బ్యాటరీ కూడా లోపలే, మెయిన్ ఆపినా ఆగదు. అక్కడి ఆపరేటర్ ఫోన్ చార్జింగ్ కోసం రెండుసార్లు రౌటర్ ప్లగ్గు పీకేశాడని నిరుడు నేనే వేయించాను. తాళంచెవి నా దగ్గరే ఉంది. డెయిరీ జీపు ఇంటికొచ్చింది. లామినేషన్ ముందు సీటు నాకు వదిలి వెనక కూర్చున్నాడు.

అరవై కిలోమీటర్లు. పెట్టానక్కా, నా చేత్తో పెట్టాను, గంట అని కొట్టాను, స్క్రీన్ మీద కనిపించింది కూడా. ఇదే మాట. ఊరు దాటాక మళ్ళీ ఇదే. డ్రైవర్, పోనీలెండి సార్, దేవుడే తీసేసి ఉంటాడు అన్నాడు. నేను రోడ్డు చూస్తూ కూర్చున్నాను. ఏటి వంతెన మీద లారీ బోల్తా పడి అరగంట ఆగిపోయాం. ఆ అరగంటలో చెప్పొచ్చు. పల్లీలు కొనుక్కొచ్చి ముందు నాకే ఇచ్చాడు.

చేరేసరికి ఏడు కావస్తోంది. తాళం తీసి ఆపి మళ్ళీ వేశాను. ఇరవై నిమిషాల్లో పదకొండు సెంటర్లూ లేచాయి. ఇరవై నిమిషాలు.

చేతి స్లిప్పుల్లో దొంగలెక్కలు దొరికాయని నిరుటి నుంచి మిషన్ స్లిప్పు లేనిదే పాలు తీసుకోవడం లేదు. ఎండలో క్యాన్లు రెండు గంటల పైన నిలబడిపోయాయి. మూడు సెంటర్ల పాలు విరిగాయి. చిల్లింగ్ సెంటర్ మెట్ల మీద ఒకావిడ, మీ పెట్టె తాళం తీయడానికి రాణిగారిలా జీపులో వచ్చావా, నా గేదెకి చెప్పు, స్లిప్పు వచ్చాక పాలిమ్మని, అంది. అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు. క్యాను వంచి కాలవలో పోసేసింది.

మార్చి 4

ఆపి వేయడంతో రౌటర్‌లో ఎవరేం చేశారన్న గుర్తులన్నీ పోయాయి. ఇక ఉన్నది ఒక్కచోటే. వెన్నగదిలో బల్ల కింద పాత కంప్యూటర్ ఒకటి పడి ఉంటుంది. అమ్మకానికి పెట్టిన తుక్కులోంచి తీసుకొచ్చి లాగ్ సర్వర్‌గా నేనే తయారు చేసుకున్నాను. ఏ రౌటర్‌లో ఎవరు ఏం కొట్టినా టైముతో సహా అందులో ఒక లైను పడుతుంది. దాని గురించి ఏ కాగితంలోనూ లేదు.

చిన్న డిస్కు. పద్నాలుగు రోజులు ఉంచి, ఆ పైన పాతది తనే తుడిచేసుకుంటుంది. పదహారో తారీఖు, 3:41. నేనేమీ చెయ్యక్కర్లేదు.

మార్చి 5

ఎంక్వైరీ. మేనేజర్, జీతాల గుమాస్తా, పాల సంఘం పెద్దాయన. లామినేషన్ నిలబడే ఉన్నాడు. తప్పు లైను నాదే సార్, అది ఒప్పుకుంటాను, టైమర్ మాత్రం పెట్టాను అన్నాడు. పెడితే ఏమైంది, కాకి ఎత్తుకుపోయిందా అన్నాడు మేనేజర్. ఇంత జీతం పోసింది టీ తాగుతూ కూర్చోడానికా అన్నాడు పెద్దాయన. నన్ను అడిగారు, మీరు వెళ్ళేసరికి టైమర్ ఉందా అమ్మా అని. లేదు అన్నాను. అబద్ధం కాదు.

బయటికొచ్చాక గుమాస్తా, నేను మొదటి రోజే అనుకున్నా, అది దొంగ సర్టిఫికెట్ అని అన్నాడు. డెయిరీలో అందరూ మొదటి రోజే అనుకున్నారట.

సాయంత్రం అతను నన్నడిగాడు, అక్కా, లాగ్ ఎక్కడైనా పడుతుందా అని. బల్ల కింద ఫ్యాన్ గుర్రుమంటోంది. చూస్తాలే అన్నాను.

మార్చి 6

పాస్‌వర్డ్ ఇద్దరికే ఉంది. ఒకరు అతను. రెండో వాళ్ళెవరో లెక్కపెట్టడం పై మెట్టు మనిషికి రాదా? వస్తే నా మొహం చూసి అక్కా అని ఎలా పిలుస్తున్నాడు? ఏదో కనిపెట్టే అంటున్నాడు. నన్ను తవ్వుతున్నాడు.

మార్చి 8

కోడ్ ఇచ్చాడు. నేను అడిగి నెల కావస్తోంది, ఆ సంగతే మర్చిపోయాను. ఇప్పుడు అందరూ అడుగుతున్నారక్కా, ముందు అడిగింది నువ్వు కాబట్టి నీకే ముందు అన్నాడు.

అతను టీకి వెళ్ళాక వెబ్‌సైట్‌లో కొట్టాను. అతని పేరు, అతని ఫొటో, అదే నంబరు. చెల్లుతుంది. ఇప్పుడున్న అతని కన్నా ఫొటోలో కాస్త లావుగా ఉన్నాడు.

టీ నుంచి వచ్చాక కనెక్టర్ సంగతి అడిగేశాను. నవ్వాడు. పరీక్షలో తీగలు ఉండవక్కా, అంతా కంప్యూటర్లోనే, ఎనిమిది గంటలు కూర్చోబెడతారు, లేచేసరికి నడుము ఉందో లేదో తెలీదు అన్నాడు. రెండుసార్లు తప్పాడట. మూడోసారి ఫీజుకి మోటార్ సైకిల్ అమ్మేశాడట. ఇది వచ్చాక ఎక్కడికెళ్ళినా నీకెంతివ్వాలి అనే అడుగుతున్నారు, నీకేం వచ్చు అని నువ్వొక్కదానివే అడిగావు అన్నాడు.

మార్చి 10

సర్టిఫికెట్ గోడ మీద లేదు. తనే తీసి సంచిలో పెట్టుకున్నాడు. అతను వచ్చే ముందు వేసిన సున్నం అప్పుడే మాసింది, దాని చతురస్రం ఒక్కటే తెల్లగా కనిపిస్తోంది. మేకు అలాగే ఉంది.

నోట్‌బుక్ నాకిచ్చాడు. పదిహేడున పంపించేస్తారటక్కా, ఇది నీకు పనికొస్తుంది అన్నాడు. ఒంటిగంట ఫోన్ల నోట్‌బుక్. నలభై రెండు సెంటర్లకీ తలా రెండు పేజీలు. సెంటర్లో పాలు పోయించుకునే మనిషి ఎవరు, ఏ వేళకి కరెంటు పోతుంది, యాంటెన్నా ఎటు వంగింది, గాలి వస్తే ఏమవుతుంది. రోజుకి ఇద్దరికి చొప్పున ఫోన్ చేసి రాసుకున్నాడు. కొన్నిచోట్ల చివర్లో, ఇది అక్క చేసింది, ముట్టుకోకూడదు అని ఉంది.

నన్నే అడగొచ్చుగా అన్నాను. కనెక్టర్ అడిగినప్పుడు నువ్వు చూసిన చూపుకి రెండోసారి అడగబుద్ధి కాలేదక్కా అన్నాడు.

మార్చి 12

మేనేజర్ పిలిచి కూర్చోమన్నాడు. పదమూడేళ్ళలో మొదటిసారి. పదిహేడున హెడ్ ఆర్డరు మీద సంతకం పెట్టమన్నాడు. కంపెనీవాళ్ళని ఏడాది గడువు అడిగారట. ఈలోపు నేను పరీక్ష పాసవాలి, ఫీజు డెయిరీదే, పాసైతే అతనికిచ్చిన జీతం నాకు. నమ్మకమైన మనిషి ఉండగా బయటివాణ్ని తెచ్చుకోవడం మా పొరపాటమ్మా అన్నాడు.

దొంగ సర్టిఫికెట్ అని మేము రాయంలే, పని రాదని రాస్తాం అన్నాడు. పని రాదని రాస్తే అతనికి ఇక ఎక్కడ ఇస్తారు? ఆ మాట నేను పైకి అనలేదు.

మార్చి 13

జీతం సంగతి ఇంట్లో చెప్పాను. మరిది ఫోన్‌లో, చూశావా వదినా, నేనన్నానా దొంగవాడని అన్నాడు. సర్టిఫికెట్ అసలుదే అన్నాను. అయితే ఏంలే, పోయాడుగా అన్నాడు.

మా ఆయన తిని లేచాక, పంపుకి గాలి పట్టినట్టున్నావు, తిరుగుతున్నావు గానీ నీళ్ళు రావట్లేదు అన్నాడు.

అత్తగారు కంచాలు తీస్తూ అడిగింది. ఆ ఆదివారం మధ్యాహ్నం కంప్యూటర్ ముందు కూర్చుని నీలో నువ్వే నవ్వుకున్నావు, అంత నవ్వొచ్చేది ఏం కనిపించింది తల్లీ అంది. సినిమా చూశాను అన్నాను. ఊఁ అంది. ఆవిడ ఊఁ అంటే అడగడం అయిపోయిందని కాదు.

మార్చి 14

ఆవిడకి తెలుసా? డ్రైవర్ ఆ రోజు దేవుడు తీసేశాడని ఎందుకన్నాడు? ఇవాళ గుమాస్తా నన్ను చూసి లేచి నిలబడ్డాడు. హెడ్ అవుతున్నానని నిలబడ్డాడా?

లామినేషన్ నన్ను అనుమానించడం లేదు. ఇవాళ ఖాయమైంది. టైమర్ ఎందుకు పోయిందో తెలుసుకోవాలని ఆ రౌటర్ సాఫ్ట్‌వేర్‌లో లోపాల జాబితా మొత్తం తెచ్చి చదువుతున్నాడు. రెండొందల పేజీలు. పెన్సిల్‌తో గీస్తున్నాడు. ఎవరైనా చేసి ఉండొచ్చన్నది అతనికి తట్టనే లేదు. నాకైతే అన్నిటికన్నా ముందు అదే తట్టేది.

మార్చి 15, శనివారం

ఆ 3:41 లైను రేపటికి పోతుంది. రేపు ఆదివారం, నేను డెయిరీకి వెళ్ళక్కర్లేదు. సోమవారం వెళ్ళేసరికి ఉండదు.

సాయంత్రం అందరూ వెళ్ళాక బల్ల కింద దూరాను. ఆ పాత కంప్యూటర్‌కి స్క్రీన్ కూడా లేదు, స్టోర్ రూమ్‌లోది పట్టుకొచ్చి తగిలించాను. రెండో తారీఖు లైన్లు తెచ్చాను. 3:20, అతని పేరు, రీలోడ్ గంటలో. 3:41, నా పేరు, రీలోడ్ రద్దు. 3:52, అతని పేరు, మార్పు. మూడే లైన్లు. ప్రింటర్‌లో కాగితం ఉంది. లేకపోతే బాగుండనిపించింది.

ప్రింటు తీసి మడవకుండా పట్టుకున్నాను. ఇది బయటపెడితే హెడ్ పోస్టు ఒక్కటే పోదు, ఈ పోస్టు కూడా పోతుంది. పదమూడేళ్ళు. మేనేజర్‌కిస్తే డ్రాయర్‌లో పెడతాడు. కంపెనీకి తెలిస్తే అగ్రిమెంట్ పోతుందని, ఊరుకోమ్మా, అయిందేదో అయింది అంటాడు. డ్రాయర్ మూయడం నేను చాలాసార్లు చూశాను. అతని చేతికిస్తే పర్వాలేదులే అక్కా అంటాడేమో. అది వినలేను.

మార్చి 16, ఆదివారం, సాయంత్రం 5:30

జిరాక్స్ షాపు తీసే ఉంది. కాగితం ఇస్తే షాపతను అటూ ఇటూ తిప్పి చూశాడు. ఇంగ్లీషులో మూడు లైన్లున్నాయి, ఇదేం సర్టిఫికెట్ మేడమ్ అన్నాడు. నాదే అన్నాను. దీనికి జీతం పెరుగుతుందా అన్నాడు. లామినేషన్ ఎంత అన్నాను.

ఇంటికొచ్చి అత్తగారి ముందు పెట్టాను. ఆమెకి ఇంగ్లీషు రాదు. వేలితో నడిమి లైను చూపించి, ఆ రోజు నవ్వింది ఇందుకే అన్నాను. చాలాసేపు చూసింది. కొంగుతో పైన దుమ్ము తుడిచి ఇచ్చింది.

మార్చి 17, సోమవారం, ఉదయం 7:55

మేకు బిగువుగానే ఉంది. తగిలించాను. కొంచెం ఒరిగింది, సరిచేశాను. పాత చతురస్రం కన్నా చిన్నది, చుట్టూ తెలుపు మిగిలింది.

మేనేజర్ ఇంకా రాలేదు. ఎనిమిదిన్నర బస్సు రాలేదు.